సేమ్ టు సేమ్ అన్నా!

అనంతపురంలో ఏ గుజిరీ అంగడికెళ్ళి పాత మారుతి 800కి ఇంజన్ అడిగినా జవాబు ఇంచుమించు ఇదే: “సేమ్ టు సేమ్ అన్నా, హాఫ్ ఇంజన్, బోరు కాలేదు, రన్నింగ్ బండిదే.” పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకున్నట్టు దీనికీ చెప్పుకుంటేగానీ తాత్పర్యం తేలదు.

సేమ్ టు సేమ్: సీసీ సేమ్ అని అర్థం. 1983 చివర్లో వచ్చి 2014 మొదట్లో ఆగిపోయిన ఆ కారుది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. ఓమ్నిదీ, పాత ఆల్టోదీ అంతే. అయితే ఓమ్నిలో అది ముందు సీట్ల కింద నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. 800లో బానెట్ కింద అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. మౌంటింగులూ చాంబరూ పక్కపక్కన పెట్టి చూడనిదే నమ్మకూడదు. ఆల్టోలోది ఎఫ్8డి, వాల్వులు పన్నెండు. పాత 800లోని ఎఫ్8బికి ఆరే. పైగా ఆల్టోది ఎంపీఎఫ్ఐ. కార్బురేటర్ బండిలో దాన్ని దించాలంటే ఈసీఎం, వైరింగు, సెన్సర్లు, ట్యాంకులో మునిగుండే పెట్రోలు పంపు కూడా వెంట రావాలి. చవగ్గా వచ్చిందనుకున్న ఇంజన్ అక్కడ పెళ్ళి ఖర్చంత అవుతుంది.

హాఫ్ ఇంజన్: హెడ్డు, బ్లాకు, చాంబరు. డైనమో, సెల్ఫ్, కార్బురేటర్ మన పాతవే బిగించుకోవాలి. ఇందులో ఏం వస్తాయో ధరకు ముందే చెప్పించుకుంటే చాలు.

బోరు కాలేదు: మా జిల్లాలో బోరంటే ముందు చేను గుర్తొస్తుంది; ఎండిన బోరు పక్కన ఇంకొకటి, దానికంటే లోతుగా. ఇంజన్‌లో లోతు కాదు, వెడల్పు. అరిగిన సిలిండర్‌ను కాస్త పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. ఒకసారి చేస్తే తప్పేం లేదు, ఇంకోసారి చేయడానికి గోడ మిగిలిందా అన్నదే లెక్క. హెడ్డు విప్పి చూడనివ్వరు కాబట్టి గేర్‌బాక్సూ సెల్ఫూ తగిలించి కంప్రెషన్ గేజి పెట్టించండి. ప్లగ్గులు మూడూ తీసి, గాలి దారి పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాలి. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే ఆ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొట్టండి. అంకె పెరిగిందా, రింగులు అరిగాయి. పెరగలేదా, వాల్వో గ్యాస్కెట్టో.

రన్నింగ్ బండిది: ఎక్కడ రన్నయింది, ఏ నీళ్ళతో? ఇక్కడ రేడియేటర్లో పోసేది చాలావరకు బోరు నీళ్ళే. కాగు అడుగున పట్టే తెల్లచారే ఇంజన్ లోపలి నీటి దారుల్లోనూ పడుతుంది. వేడి బయటికి పోదు, మే నెల ఎండలో హెడ్డు వంగుతుంది. అందుకే పై హోసు ఊడదీసి వేలు పెట్టి చూడండి. థర్మోస్టాట్ ఎవరో పీకేసి ఉంటే, ఆ బండి ఎప్పుడో వేడెక్కి సతాయించిందన్నమాట. ఆయిల్ మూత లోపలివైపు మజ్జిగ నురగలాంటిది కనపడితే నీళ్ళు ఆయిల్లో కలిశాయేమో అని అనుమానించాలి. కిలోమీటర్ల గురించి ఎవరేం చెప్పినా నా ఓటు ఈ వేలికే. “బెంగుళూరు బండిదన్నా” అని ధర పెంచుతారు. చల్లటి ఊరే, కాదనను. కానీ సిగ్నళ్ళ దగ్గర నిలబడి ఇంజన్ తిరిగిన గంటలు ఏ మీటర్లోనూ ఎక్కవు.

అంగడివాడు అనని మాట ఒకటుంది: నంబరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకు రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం కావాలి, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాలి. ఎక్కించకపోతే పదిహేనేళ్ళు నిండి రెన్యువల్‌కు వెళ్ళిన రోజున ఆ సంగతి బయటపడుతుంది. కాబట్టి బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్సీ నకలు ముందే అడగండి. తర్వాత కిరోసిన్ గుడ్డతో బ్లాకు మీద జిడ్డు తుడవండి. అంకెల చుట్టూ ఆకురాయి గీతలు కనపడ్డాయా, బేరం అక్కడితో సరి.