గోలకొండ జామా మసీదు శాసనము

గోలకొండ కోటలో బాలా హిస్సారు ద్వారమునకు సమీపమున జామా మసీదు గలదు. దాని ద్వారముపై అరబ్బీ భాషలో చెక్కిన శిలాశాసనమొకటి యున్నది. కుతుబ్ షాహీ వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్ కులీ హిజరీ 924లో, అనగా క్రీ. శ. 1518లో, ఆ మసీదును కట్టించెనని అది తెలుపుచున్నది. పరిమాణమున చిన్నదైనను, ఆ వంశము ఎన్నడు స్వతంత్రమైనదను ప్రశ్నకు ఇది ముఖ్యమైన సాక్ష్యము.

ఫెరిస్తా రచన ననుసరించి, సుల్తాన్ కులీ 1512లోనే బహమనీ ప్రభుత్వమును త్రోసిపుచ్చి రాజ్యమేలెనని పలువురు వ్రాసిరి. ఫెరిస్తా బిజాపురమున తన గ్రంథమును కూర్చినది 17వ శతాబ్దారంభమున. అనగా ఇంచుమించు నూరేండ్ల తరువాత. శాసనము ఆనాటిదే. అందు మహమూద్ షా బహమనీ ఏలికగా పేర్కొనబడినాడు. కట్టించినవానికి కుతుబ్-ఉల్-ముల్క్ అను బిరుదము మాత్రమే కలదు. అది బహమనీ ప్రభువు ఇచ్చినది. 'షా' అను రాజపదము లేదు.

తెలుగు శాసనములు చదివినవారికి ఈ మర్యాద క్రొత్తది కాదు. సామంతుడు గుడి కట్టించినను, చెరువు త్రవ్వించినను, ముందు తన ఏలిక రాజ్యమును చెప్పి, పిమ్మట తన పేరు చెప్పుకొనును. అప్పటికి బీదరులో మహమూద్ షా బరీదుల చేతిలో కీలుబొమ్మ. గోలకొండలో అధికారమంతయు సుల్తాన్ కులీదే. విధేయత నామమాత్రమే కావచ్చును. అయినను దానిని రాతిపై చెక్కించుట అతనికి అవసరమని తోచినది.

సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురియైనాడు. బహమనీ వంశము అప్పటికే అంతరించినది. అయినను అతని సమాధి శాసనము అతనిని 'షా' అనక, కుతుబ్-ఉల్-ముల్క్ అనియు, 'బడే మలిక్' అను పేర ప్రసిద్ధుడనియు చెప్పుచున్నది. అతడు స్వాతంత్ర్యమును ఎన్నడును ప్రకటింపలేదని హరూన్ ఖాన్ షేర్వానీ తన కుతుబ్ షాహీ వంశ చరిత్రలో (1974) వాదించుటకు ఇట్టి శాసనములే ఆధారములు.

ఈ 'మలిక్' పదము తెలుగు సాహిత్యమునకు పరిచితమే. సుల్తాన్ కులీ కుమారుడైన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) మన కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది అతనికే. తండ్రి సమాధిరాతిపై అరబ్బీలో నిలిచిన బిరుదము, కుమారుని పేరిట తెలుగు పద్యములలో నిలిచినది. ఆ కాలమును గూర్చి కావ్యమో నవలయో వ్రాయబూనువారు గ్రంథములతోపాటు ఈ రాళ్లను కూడ చదువవలసి యున్నది.