వీరేశలింగదంపతులు

తొమ్మిదవ తరగతి విద్యార్థులకు మేము సంఘసంస్కరణచరిత్రము బోధించుచుంటిమి. 1881 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జరిపించిన ప్రథమ వితంతువివాహమును వర్ణించి, ఆనాడు వంటవారును నీళ్ళు మోయువారును ఆయన యింటికి వచ్చుట మానిరని చెప్పితిమి. అంతట నొక బాలిక లేచి, “మాస్టారూ, మఱి పెండ్లివారికి వంట యెవరు చేసిరి?” అని యడిగెను. ప్రశ్న చిన్నది. కాని చరిత్రకారులమని చెప్పికొను మావంటివారు ముందుగా నడుగవలసిన ప్రశ్న యదియే.

వంట చేసినది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. గోదావరినుండి బిందెలతో నీరు మోసి తెచ్చినదియు నామెయే.

పంతులుగారు 1848 లో జన్మించిరి. 1861 లో, అనగా పదుమూడవయేట, ఆయనకు వివాహమయ్యెను. వధువు అంతకంటెను చిన్నది. ఆమెకు పుట్టినింటివారు పెట్టిన పేరు బాపమ్మ. అత్తవారింట రాజ్యలక్ష్మి యయ్యెను. ఈ పెండ్లి విషయమున వరుని యభిప్రాయమును గాని, వధువు యభిప్రాయమును గాని అడిగినవారు లేరు. ఆ కాలమున నది యాచారము. ఇట్లు ప్రారంభమైన దాంపత్యము 1910 లో ఆమె మరణించువఱకు నలువదితొమ్మిది సంవత్సరములు నిలిచెను.

ఈ దాంపత్యసౌఖ్యమును జూపి బాల్యవివాహమును సమర్థించువారు లేకపోలేదు. వారు మఱచు విషయ మొకటి కలదు. అదే కాలమున, అవే మంత్రములతో, అదే వయస్సున పెండ్లియాడిన బాలికలు ఎందఱో మగని మొగమైన నెఱుగకమున్నే వితంతువులైరి. ప్రథమవివాహమునందలి వధువు సీతమ్మయు బాల్యముననే యట్టి దుర్దశ పాలైన కన్యయే. రాజ్యలక్ష్మమ్మగారికిని సీతమ్మకును నడుమ నున్న భేదము శీలమునది కాదు, పుణ్యమునది కాదు. మగని యాయుర్దాయమునది మాత్రమే. రాజ్యలక్ష్మమ్మగారు ఈ సంగతిని తమ మనస్సున గ్రహించియుందురనియే మేము తలంచుచున్నాము. లేనిచో ఆమె తరువాత చేసిన పని మన కర్థము కాదు.

వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతము గావించిన శాసనము 1856 లోనే వచ్చెను. కాని శాసనము పెండ్లిపందిరి వేయదు, పొయ్యి రాజవేయదు. గోగులపాటి శ్రీరాములుగారు వరుడుగా ముందునకు వచ్చునప్పటికి శాసనమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. కాకినాడవాసియగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు పంతులుగారికి కావలి కాచిరి. ఇవన్నియు చరిత్రగ్రంథముల కెక్కినవి, ఎక్కదగినవియే. అయినను, బంధువులు గడప త్రొక్కక, పురోహితులు మొగము చాటుచేసి, పనివారు బెదిరి తొలగిన యింటిలో, వచ్చినవారికి అన్నము పెట్టకున్న ఆ వివాహము సాగెడిది కాదు. వారము తిరుగకమున్నే రెండవ వివాహమును జరిగెను. అనగా ఆ శ్రమ యొక్కనాటితో ముగియలేదు. పిమ్మట బహిష్కారాజ్ఞలు వెలువడగా, అనుకూలుర మనిపించుకొన్నవారిలో ననేకులు వెనుదీసి ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. రాజ్యలక్ష్మమ్మగారు వెనుదీయలేదు.

ఇచ్చట నొక యాక్షేపణ వినవచ్చును. మగడు చెప్పెను గనుక ఆమె చేసెను. ఇందు పాతివ్రత్యమే కాని స్వాభిప్రాయ మెక్కడిదని కొందఱందురు. ఆక్షేపణ తోసివేయదగినది కాదు. ఆమెను గూర్చి మన మెఱిగినదానిలో నధికభాగము పంతులుగారు వ్రాసికొనిన స్వీయచరిత్రమువలననే తెలియుచున్నది. తన పనిని గూర్చి ఆమె స్వయముగా నేమనుకొనెనో మన మామె నోట వినజాలము. అయినను చరిత్రకారుడు మాటలు లేనిచోట పనులను చదువవలెను. విధేయత యొకనాడు నీళ్ళు మోయించవచ్చును, ఇరువదితొమ్మిదేండ్లు మోయించజాలదు. 1881 మొదలు 1910 వఱకు ఆ యింటికి దిక్కులేని బాలవితంతువులు వచ్చుచునే యుండిరి. దాదాపు 40 వివాహములు పంతులుగారి పూనికతో జరిగెను. ప్రతి వివాహమునకు ముందు ఒక పిల్లను చేరదీసి, కన్నీరు తుడిచి, ఆమె భయమును పోగొట్టవలసి యుండెను. ఇది ఉపన్యాసములవలన నగు పని కాదు. మగడు ఆజ్ఞాపించినంత మాత్రమున నగునదియు గాదు.

ఆ దంపతులకు సంతానము కలుగలేదు. లోకము దానిని సంస్కరణకు దైవము విధించిన శిక్షగా జెప్పుటకు వెనుదీయునది కాదు. వారు మాత్రము శరణాలయమున చేరిన పిల్లలనే తమ పిల్లలుగా జూచుకొనిరి. తరువాత పంతులుగారు మదరాసునకు బోయి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన కాలమునను ఈ పని విడువబడలేదు. తుదకు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు సమర్పించిరి. వార్ధక్యమున ఉన్నది దాచుకొనవలెనని యే యిల్లాలికైనను తోచును. ఆస్తి నంతయు లోకమున కిచ్చు మగనితో కాపురము చేయుటకు ఆ యిల్లాలికిని కొంత త్యాగబుద్ధి యుండవలయును గదా!

మన శాస్త్రములలో భార్యకు సహధర్మచారిణి యను మాట కలదు. ధర్మమును కూడ నాచరించునది యని దాని యర్థము. వెనుక నడుచునది యని కాదు. ఈ పదమును పెండ్లినాడు వల్లించి మఱచువారే పెక్కుమంది. వీరేశలింగదంపతులు దాని నాచరణమున జూపిరి. తెలిసీ తెలియని వయస్సున పెద్దలు ముడివేసిన కొంగులను వారు పెద్దవారైన పిదప తామే మరల ముడివేసికొనిరని చెప్పవచ్చును.

ఆమె పోయిన పిమ్మట పంతులుగారు తొమ్మిదేండ్లు జీవించి, 1919 మే 27 వ తేదీన మదరాసున కన్నుమూసిరి. చివరివఱకు కలము విడువలేదు. కాని సగము బరువు మోసిన చేయి లేనిదే సాగిన బ్రతుకు ఎట్టిదో, వార్ధక్యమున తోడును గోలుపోయినవారికి వేఱుగ జెప్ప బనిలేదు.

ఆనాడు మా తరగతిలోని బాలికకు మేము సమాధానము చెప్పగా, ఆమె తన పుస్తకమున పాఠము చివర, అంచున, “వంట: రాజ్యలక్ష్మమ్మగారు” అని వ్రాసికొనెను. ఆ పేరు అంచునుండి పాఠములోనికి రావలసియున్నది. ఆ పని చేయవలసినవారము పాఠములు వ్రాయు మేమును, చెప్పు మేమునే.