క్రెసెంట్ అంటే నెలవంక: న్యూ మూన్ వేరు, హాఫ్ మూన్ వేరు

షాబాన్ 29వ తేదీ మగ్రిబ్ కాగానే చాలా ఇళ్లల్లో పిల్లలు మిద్దె ఎక్కి పడమర వైపు చూస్తుంటారు. కింద పెద్దల ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఒకదాంట్లో ‘న్యూ మూన్’ అని, ఇంకోదాంట్లో ‘క్రెసెంట్’ అని, మరోదాంట్లో తెలుగులో ‘అర్ధచంద్రుడు’ అని ఉంటుంది. మూడూ ఒకటే అనుకుంటే మొదటి రోజా ఎప్పుడన్న దగ్గరే గందరగోళం మొదలవుతుంది. అందుకే క్రెసెంట్ అనే ఇంగ్లీషు మాట అర్థం, వాడుక తెలుసుకోవడం అవసరం.

మాట పుట్టుక

క్రెసెంట్‌కు మూలం లాటిన్ భాషలో ‘పెరగడం’ అనే అర్థమున్న క్రియ. ఇంక్రీజ్ అనే మాట కూడా ఆ మూలం నుంచే వచ్చింది. అంటే మొదట్లో క్రెసెంట్ అంటే ఆకారం పేరు కాదు, ‘పెరుగుతున్న చంద్రుడు’ అని. తర్వాత ఆ సన్నని వంపుకే ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు ఇంగ్లీషులో పెరిగే చంద్రవంకను ‘వాక్సింగ్ క్రెసెంట్’ అని, తరిగేదాన్ని ‘వేనింగ్ క్రెసెంట్’ అని అంటారు. పలికేటప్పుడు క్రెసెంట్ అన్నా, బ్రిటిష్ వాళ్లలా క్రెజంట్ అన్నా తప్పు లేదు.

అరబీ, ఉర్దూల్లో దీనికి సరైన మాట హిలాల్. తెలుగులో నెలవంక. నెల అంటే చంద్రుడు, వంక అంటే వంపు. చంద్రుడికీ, ముప్పై రోజుల కాలానికీ తెలుగులో ‘నెల’ అనే ఒకే మాట ఉండటం గమనించదగ్గది. చంద్రుణ్ని చూసి నెల లెక్కపెట్టడం తెలుగు మాటలోనే ఉంది.

న్యూ మూన్‌తో చిక్కు

ఎక్కువ పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఖగోళ లెక్కల్లో, ఇంగ్లీషు క్యాలెండర్లలో న్యూ మూన్ అంటే అమావాస్య. ఆ సమయంలో చంద్రుడు సూర్యుడి వైపే ఉంటాడు కాబట్టి ఎవరికీ కనిపించడు. మామూలు కంటికి నెలవంక కనిపించాలంటే ఆ ఘడియ దాటి చాలా గంటలు గడవాలి. 15 గంటలలోపు వయసున్న చంద్రుడు కంటికి దొరకడం చాలా అరుదు. మబ్బు, దుమ్ము ఉంటే ఇంకా కష్టం.

అయితే కొన్ని ఇంగ్లీషు వార్తల్లో, పుస్తకాల్లో హిలాల్‌ను కూడా న్యూ మూన్ అనే రాస్తారు. కాబట్టి మెసేజ్‌లో ఆ మాట కనిపిస్తే అది అమావాస్య ఘడియా, చాంద్ కనిపించిన వార్తా అని ముందు చూసుకోవాలి. గంటలు, నిమిషాలతో టైమ్ ఇచ్చి ఉంటే అది చాలావరకు అమావాస్య లెక్కే. దాన్ని పట్టుకుని ‘చాంద్ అయిపోయింది’ అని ఫార్వర్డ్ చేయకూడదు.

హాఫ్ మూన్ కాదు

తెలుగులో క్రెసెంట్‌ను అర్ధచంద్రాకారం అని రాసేయడం మామూలైపోయింది. నిజానికి అర్ధచంద్రుడంటే సగం వెలిగిన చంద్రుడు, అంటే కజ్జికాయ ఆకారం. అది చంద్రమాసంలో దాదాపు వారానికి వస్తుంది. సగం కంటే తక్కువ వెలిగి, రెండు కొనలూ సన్నగా తేలితేనే క్రెసెంట్. తెలుగు వార్తలో, అనువాదంలో ‘నెలవంక’ అని రాస్తే ఏ చిక్కూ ఉండదు.

ఆర్చ్, ఆర్క్ అనే మాటలు కూడా వేరు. ఆర్క్ అంటే ఒట్టి వంపు గీత. ఆర్చ్ అంటే హైదరాబాద్ చార్‌కమాన్‌లో చూసే కమాను. రెండు వంపు గీతలు కొనల దగ్గర కలిస్తే వచ్చేది క్రెసెంట్.

ఇతర వాడుకలు

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో రాయల్ క్రెసెంట్ అనే వీధి ఉంది. 1767–1774 మధ్య కట్టిన 30 ఇళ్లు అక్కడ వంపుగా వరసలో ఉంటాయి. ఇరాక్, సిరియా నుంచి పాలస్తీనా దాకా వంపుగా సాగే సారవంతమైన నేలను ఫెర్టైల్ క్రెసెంట్ అంటారు. ఫ్రెంచ్ క్రోసాంట్ రొట్టె పేరు కూడా ఇదే మాట.

రెడ్ క్రెసెంట్ కథ వేరు. 1876లో మొదలైన యుద్ధ కాలంలో ఉస్మానియా సామ్రాజ్యం గాయపడ్డ సైనికుల సేవకు రెడ్ క్రాస్ బదులు ఎర్ర నెలవంకను వాడింది. 1929 జెనీవా ఒప్పందంలో దానికి గుర్తింపు దొరికింది. మన దేశంలో వాడేది రెడ్ క్రాసే.

గుర్తు, గడియారం

నెలవంకను ఇస్లాం మత చిహ్నమని పాఠాల్లో రాస్తుంటారు. కానీ ఇస్లాంకు ముందే ఇరాన్ సాసానీ రాజుల నాణేలపై నెలవంక ఉంది. ముస్లిం దేశాల జెండాలపై అది ఇంతగా పరచుకోవడానికి ఉస్మానియా జెండా ప్రభావం పెద్ద కారణం. ఖురాన్‌లో అల్ బఖరా సూరా 189వ ఆయత్ నెలవంకల గురించి చెప్పేది ఒకటే: అవి మనుషులకు కాలాన్ని, హజ్ సమయాన్ని తెలిపే గుర్తులని. అంటే అది పూజించే బొమ్మ కాదు, ఆకాశంలో ఉన్న క్యాలెండర్. స్కూల్లో ఎవరైనా ‘మీరు చంద్రుణ్ని మొక్కుతారా’ అని అడిగితే పిల్లలు చెప్పాల్సిన జవాబు ఇదే.

గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి ఒకటుంది. సూర్యుడు మునిగాక పడమట కనిపించే సన్నని వంపు కొత్త నెలది, ఇక పెరుగుతుంది. సహరీ వేళ తూర్పున కనిపించేది పాత నెలది, ఇక తరుగుతుంది. చాంద్ కోసం చూడాల్సింది మొదటిదాన్నే. క్రెసెంట్ అనే మాట పుట్టింది కూడా ఆ పెరిగే చంద్రుడి కోసమే.