పడవలో వెచ్చదనం ఎలా? డీజిల్ హీటర్ వెనక 400 ఏళ్ళ కథ

ఈ రోజు టాపిక్ వింటే మీలో సగం మంది నవ్వుతారు. తెరచాప పడవలో డీజిల్ హీటర్ బిగించడం! పొందూరులో కూర్చుని మాట్లాడుకునే విషయమేనా ఇది? మనకి ఏడాది మొత్తంలో ఫ్యాన్ ఆపే రోజులే తక్కువ. మన చలికి భోగిమంట చాలు. ఆ పొగ ఎటు పోతుందో కూడా మనం పట్టించుకోం, ఆకాశం ఉంది కాబట్టి.

పడవ క్యాబిన్‌లో ఆకాశం ఉండదు. అదే అసలు సమస్య.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరింది. అందులో ఉన్నది ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ మహిళలే. ఇద్దరు మన తెలుగువాళ్ళు కూడా: విశాఖపట్నం స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొస కేప్ హార్న్ దాటి, మే 21న తిరిగి గోవా చేరారు. ఆ దక్షిణ సముద్రాల్లో చలి ఒక్కటే కాదు, తడి కూడా. మన ఖద్దరు చెమట పీల్చుకుంటుందని కదా మనకి ఇష్టం? అక్కడ అదే గుణం పగవాడు. తడిసిన నూలు ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే అలాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళు ఒంటికి ఆనుకుని నూలు వేసుకోరు, ఉన్ని వేసుకుంటారు.

మరి లోపల మంట పెట్టుకుంటే పోలా? సరిగ్గా అలాగే అనుకున్నారు డచ్ నావికులు. 1596లో విలెం బారెంట్స్ బృందం ఓడ ఆర్కిటిక్‌లో నోవాయా జెమ్ల్యా దగ్గర మంచులో ఇరుక్కుంది. ఒడ్డున చెక్కలతో ఒక గుడిసె కట్టుకున్నారు. డిసెంబర్ 7న చలి తట్టుకోలేక, ఓడలోంచి రాతిబొగ్గు తెచ్చి మంట వేసి, వేడి పోకూడదని తలుపూ పొగ గొట్టమూ మూసేశారు. మొదట హాయిగా ఉంది. కాసేపటికి అందరికీ తల తిరగడం మొదలైంది. ఓపిక మిగిలినవాళ్ళు ఎలాగో లేచి తలుపు తెరవబట్టి బతికారు. అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనం ఊపిరి తీస్తూనే ఉంటాం, ఆక్సిజన్ మాత్రం ఒంటికి అందదు.

రెండో శత్రువు నీరు. 1819–20 శీతాకాలంలో ఇంగ్లిష్ కెప్టెన్ ఎడ్వర్డ్ పారీ ఓడలు ఆర్కిటిక్ మంచులో ఆగిపోయాయి. మనుషుల ఊపిరీ వంట ఆవిరీ చల్లటి చెక్కకి తగిలి, పడుకునే చోటే మంచుగా గడ్డకట్టేది. దాన్ని గీకి తీసేవాళ్ళు.

దీనికి జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? నూలు మిల్లుల వాళ్ళ దగ్గర నుంచి. ఇంగ్లండ్‌లో డెర్బీ ప్రాంతపు స్ట్రట్ కుటుంబం మిషన్ నూలు వడికే మిల్లులు నడిపేది. ఆ ఇంటి విలియం స్ట్రట్ 1810 నాటి డెర్బీ ఆసుపత్రికి ఒక వేడిగాలి పొయ్యి పెట్టించాడు. అతనితో పనిచేసిన చార్లెస్ సిల్వెస్టర్ దాని గురించి పుస్తకం రాశాడు. ఐడియా చాలా సింపుల్. మంట ఇనప డబ్బా లోపల ఉంటుంది, దాని పొగ చిమ్నీలోంచి బయటికి పోతుంది. మంచి గాలి ఆ డబ్బాకి బయటి వైపు తగులుతూ వేడెక్కి గదుల్లోకి వెళుతుంది. రెండు గాలులూ ఎక్కడా కలవవు. 1824లో పారీ మళ్ళీ ఆర్కిటిక్ వెళ్ళినప్పుడు హెక్లా ఓడలో సిల్వెస్టర్ పొయ్యి ఉంది. ఓడ వెచ్చబడింది, పొడిగా కూడా మారింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి చేత్తో వడికే మన ఊరివాళ్ళకి మిల్లు నూలు అంటే పోటీ అని మాత్రమే తెలుసు. తెరచాప ఓడకి వెచ్చదనం ఇచ్చింది కూడా ఆ మిల్లుల ఇంటివాళ్ళే.

ఇప్పటి డీజిల్ హీటర్ ఈ ఐడియాకే మనవడు. చిన్న పంపు టిక్ టిక్‌మంటూ చుక్క చుక్కగా డీజిల్ పంపుతుంది, గ్లో ప్లగ్ దాన్ని అంటిస్తుంది. రెండు కిలోవాట్ల హీటర్ ఫుల్ స్పీడ్‌లో గంటకి సుమారు పావు లీటరు తాగుతుంది. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొగ గొట్టం లేని స్టవ్ వెలిగిస్తే ఆ నీరంతా మీ పరుపు మీదే. అందుకే బిగించేటప్పుడు హీటర్ పెట్టెది చిన్న పని, గొట్టానిదే పెద్ద పని.

గొట్టం పడవ పక్కగోడలోంచి, నీటి మట్టానికి బాగా పైన బయటికి రావాలి. గాలికి పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, అప్పుడు ఆ రంధ్రమే నీళ్ళలో మునగొచ్చు. అందుకని లోపల గొట్టాన్ని ముందు పైకి లేపి, హంస మెడలా వంచి కిందికి దింపుతారు. కెరటం లోపలికి ఎక్కదు. వేడికి చెక్క అంటుకోకుండా గొట్టం చుట్టూ వేడి తట్టుకునే తొడుగు వేస్తారు. అతుకులన్నీ గట్టిగా బిగించాలి. స్విచ్ ఆపాక ఫ్యాన్ కాసేపు తిరిగి లోపలి వేడిని బయటికి తోసేస్తుంది. ఈలోపు బ్యాటరీ కనెక్షన్ పీకేయకూడదు.

అతుకు వదులైతే ఏమవుతుందో రిచర్డ్ బర్డ్ కథ చెబుతుంది. 1934లో ఆ అమెరికన్ అడ్మిరల్ అంటార్కిటికాలో మంచు కింద కప్పేసిన గుడిసెలో ఒంటరిగా ఉన్నాడు. నూనెతో మండే స్టవ్, గొట్టం అతుకులు లీకు, గాలి రంధ్రాలు మంచుతో పూడిక. పైగా జనరేటర్ పొగ. మే 31న కుప్పకూలాడు. అయినా స్టవ్ ఆర్పితే చలికి చావాలి, వెలిగిస్తే విషం పీల్చాలి. రెండు నెలలకి పైగా అలాగే బతికాడు. రేడియోలో అతను పంపే మెసేజ్‌లు తడబడుతున్నాయని బేస్‌లో ఉన్నవాళ్ళకి అనుమానం వచ్చింది. ఆగస్టులో వచ్చి కాపాడారు. అంత అనుభవం ఉన్న మనిషికే ఈ గతి.

ఇదంతా మనకెందుకు అంటారా? మూసిన బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఇదే కథ. తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకోవడం ఇదే కథ. కెనడాలోనో అమెరికాలోనో బేస్‌మెంట్‌లో ఉంటున్న మీ ఫ్రెండ్‌కి గదిలో ఫర్నేస్ ఉంటే, గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వేడి చేసుకుంటే, మళ్ళీ ఇదే కథ. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండి, బయటికి వస్తే తగ్గిందంటే అది జ్వరం కాకపోవచ్చు. ముందు అందరూ బయటికి రండి, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, కారణం తేలేదాకా ఆ మంట మళ్ళీ వెలిగించకండి. గీజర్ బాత్‌రూమ్ బయట పెట్టించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పడుకునే గదికి దగ్గర్లో పెట్టుకోండి.

చలి దేశంలో చదువుకునే తమ్ముడో చెల్లో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి ఈ రోజే పంపండి. వాళ్ళ అలారంలో బ్యాటరీ ఉందో లేదో అడగండి. వచ్చే వారం కలుద్దాం.