బోట్స్వానా: ఖనిజరంగ ప్రణాళిక

ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని బోట్స్వానా 1966లో స్వాతంత్ర్యం పొందేనాటికి ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. పశుపోషణే ప్రధాన జీవనాధారం. 1967లో ఒరాపా వద్ద వజ్రాలున్న కింబర్‌లైట్ శిల బయటపడింది. అదే ఏడాది తెచ్చిన చట్టం తెగల భూముల్లోని ఖనిజ హక్కులను ప్రభుత్వపరం చేసింది. తొలి అధ్యక్షుడు సెరెత్సే ఖామా తన సొంత బంగ్వాటో తెగ హక్కునూ దేశానికే వదిలిపెట్టారు. తరువాతి ప్రణాళికలన్నిటికీ పునాది ఈ నిర్ణయమే.

వజ్రాల గని కంపెనీలో ప్రభుత్వ వాటా మొదట 15 శాతమే. అందులో భాగస్వామి అయిన వజ్రాల సంస్థ డి బీర్స్‌తో మళ్లీ బేరమాడి ప్రభుత్వం 1975లో దాన్ని 50 శాతానికి పెంచుకుంది. ఆ గని కంపెనీయే నేటి డెబ్‌స్వానా.

వజ్రాల అన్వేషణ తేలిక కాదు. దేశంలో అధిక భాగాన్ని కలహారి ఇసుక కప్పేసింది. జ్వానెంగ్‌లో కింబర్‌లైట్ పదుల మీటర్ల ఇసుక కింద ఉంది. నీటి కోసం లోతుకు దిగే చెదపురుగులు పైకి తెచ్చిన గార్నెట్, ఇల్మనైట్ ఖనిజ రేణువులే భూవిజ్ఞానులకు దాని ఆచూకీ ఇచ్చాయి. 1982లో మొదలైన జ్వానెంగ్ గని ఉత్పత్తి విలువలో ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన వజ్రాల గనిగా పేరు పొందింది.

వజ్రాల రాబడి బడులకు, రోడ్లకు, ఆస్పత్రులకు వెళ్లింది. మిగులును భావితరాల కోసం దాచడానికి 1994లో పులా నిధి ఏర్పడింది.

ఒకే ఖనిజంపై ఆధారపడటం మాత్రం తీరని లోపం. ప్రత్యామ్నాయంగా ఉన్న సెలెబి-ఫిక్వే రాగి, నికెల్ గనులూ 2016లో మూతపడి వేలమంది ఉపాధి కోల్పోయారు. ఇప్పుడు ప్రయోగశాల వజ్రాల పోటీతో సహజ వజ్రాల ధర తగ్గి, ప్రభుత్వ ఆదాయం దెబ్బతింటోంది.