నల్లమందు మానాక మిగిలే దిగులు

తెలుగులో మందు అనే మాటకు నాలుగు ఉద్యోగాలు. జబ్బుకి మింగేది మందు, కొట్టులో తాగేది మందు, పైరు పురుగుకి చల్లేది మందు, మొగుడికి పెట్టిందని అత్త అనుమానించేదీ మందే. నల్లమందు ఈ వీధుల్లో కొన్ని తిరిగింది.

మన వంటింటి గసగసాలు నల్లమందు మొక్క గింజలే. మత్తంతా కాయకు గాటు పెడితే కారే పాలలో ఉంటుంది. అరబ్బుల అఫ్యూన్ సంస్కృత వైద్యంలో అహిఫేనమై, మన నోట అభిని అయింది. విరేచనాలకీ, దగ్గుకీ, కీళ్ల నొప్పికీ అదే. కూలికి పోయే తల్లి ఆవగింజంత అరగదీసి బిడ్డ నాలుకకు రాస్తే పొద్దు వాలేదాకా ఉయ్యాలలో ఉలుకు పలుకు ఉండేది కాదు. కొన్ని ఉయ్యాలల్లో ఆ తర్వాత కూడా లేదు.

1893లో తెల్లదొరలు నల్లమందు మీద రాయల్ కమిషన్ వేశారు. అలవాటు వల్ల పెద్ద ముప్పేమీ లేదని 1895లో అది తేల్చింది. ఖజానాకి నల్లమందు రాబడి ఎంతో తెలిస్తే ఈ తీర్పు ఆశ్చర్యపరచదు. స్వతంత్రం వచ్చాక, 1949లో, ఏటా కొంత తగ్గిస్తూ పదేళ్లలో తినే నల్లమందును ఆపేయాలని నిర్ణయించారు. 1959 నాటికి దుకాణాలు మూతపడ్డాయి. వైద్య కారణాలపై పేరు నమోదైన వాళ్లకే కొద్దిగా అందేది. ఆ దస్త్రాల నిండా సేర్లూ తులాలే. మానినవాడి బెంగకు అందులో గడి లేదు.

ఆ గడి గీసింది అమెరికాలో. 1935లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో సగం జైలు, సగం ఆసుపత్రిగా ఒకటి తెరిచారు. ఆవులింతలు, ముక్కు కారడం, కాళ్లు గుంజడం, ఒళ్లు గగుర్పొడవడం వారం పది రోజుల్లో సద్దుమణిగినా, శరీరం కుదుటపడటానికి నెలలు పడుతుందని హిమ్మెల్స్‌బాక్ అనే వైద్యుడు అక్కడే గమనించాడు. 1975లో హ్యూస్, కాస్టర్లిట్జ్ అనే శాస్త్రవేత్తలు మెదడు సొంతంగా తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాన్ని పట్టుకున్నారు. బయటి సరుకుకు అలవాటుపడిన మెదడు, అది ఆగగానే పాత తూకానికి రాలేదు. అందుకే అన్నం సయించదు, నిద్ర పట్టదు, పిల్లలు నవ్వినా నవ్వు రాదు. దీన్ని మనవాళ్లు మొండితనమనీ పిరికితనమనీ తిట్టి చాలా కాలం గడిపారు.

మానడం అంటే ఏమిటో తెలుగు పత్రికలు మొదటి పేజీలో చూపింది 2015లో అనుకుంటాను. అది నల్లమందు కాదు, ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లు. తెలంగాణలో సరఫరా ఒక్కసారిగా ఆగేసరికి వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం ఆసుపత్రులకు చేరారు.

మా హనుమంతునిపాడు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు బిగుసుకున్న మోకాళ్లు కొత్త కాదు, నొప్పి బిళ్ల లేని ఇల్లు తక్కువ. ఆ బిళ్లలన్నీ నల్లమందు జాతివి కావు. ట్రమడాల్ మాత్రం ఆ గోత్రానిదే. 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు.

ఈ జాతి మందులు మానాలనుకునేవాళ్లకు ఇప్పుడు బుప్రినార్ఫిన్ బిళ్ల నాలుక కింద పెట్టి, డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి నడిపిస్తారు. దిగులు వదలకపోతే దానికి వేరే మందూ ఉంది. మిగతా పని చిన్నచిన్నవాటితో జరుగుతుంది: రాత్రి నిద్ర పట్టకపోయినా ఒకే వేళకు లేవడం, ఎండెక్కకముందే నడవడం, పాత స్నేహితుడి వీధిన పోకపోవడం, గాభరా పుట్టినప్పుడు ఇంట్లో ఒకరికైనా చెప్పడం. తట్టుకోలేక మళ్లీ పాత మోతాదే వేసుకుంటే, అలవాటు తప్పిన ఒంటికి అది ప్రాణాంతకం.

2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోను నంబరు 14416 ఉంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడుతూ, కనిగిరి బస్సుకి ఇంకా చాలా పొద్దున్నప్పుడు, దానికి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.