‘ప్రాజెక్టు’ - ఒక మాట చరిత్ర

పరభాషా పదాలు మన నేల మీదికి వచ్చాక పాత అర్థంతోనే బతకాలన్న నియమం లేదు. అందుకు ‘ప్రాజెక్టు’ మంచి ఉదాహరణ. ఇంగ్లీషువాడికి ప్రాజెక్టు అంటే తలపెట్టిన పని. కాగితం దాటకపోయినా అది ప్రాజెక్టే. తెలుగు రైతుకు ప్రాజెక్టు అంటే నదికి అడ్డంగా లేచిన కట్ట, దాని వెనక నిలిచిన నీరు. ప్రాజెక్టు నిండిందంటాం, ప్రాజెక్టు గేట్లు ఎత్తారంటాం. ఆలోచనకు గేట్లుండవు కదా! ఆలోచనను చెప్పే మాట రాయీ సున్నమూ అయి కూర్చోవడం వెనక ఒక సామాజిక చరిత్ర వుంది.

ఈ మాటకు మూలమైన లాటిన్ క్రియకు ముందుకు విసరడం అని అర్థం. బయటికి గెంటివేయడం అన్న అర్థం కూడా దానికి వుంది. వర్తక పెట్టుబడి బలపడుతున్న 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ మాటకు గిరాకీ పెరిగింది. రాజు దగ్గర గుత్తహక్కులు సంపాదించి, కొత్త ఎత్తుగడలతో డబ్బు గడించేవాణ్ణి ‘ప్రొజెక్టర్’ అనేవారు. అది గౌరవంగా అనే మాట కాదు. 1697లో డేనియల్ డీఫో ప్రాజెక్టుల మీద ఒక పుస్తకమే రాసి, బ్యాంకులు, రహదారులు, స్త్రీలకు విద్యాలయం వంటివి ప్రతిపాదించాడు. 1726లో వచ్చిన ‘గలివర్ యాత్రల’లో జొనాథన్ స్విఫ్ట్ ఈ ప్రొజెక్టర్లను చీల్చి చెండాడాడు. అందులో మునోడి అనే ప్రభువుకు నది ప్రవాహంతో నడిచే మర వుంటుంది. ప్రొజెక్టర్లు వచ్చి దాన్ని పడగొట్టించి, కొండ మీదికి నీళ్లు ఎక్కించి కొత్త మర నడిపిస్తామంటారు. వందమంది రెండేళ్లు పనిచేస్తారు. పని చెడిపోతుంది. ప్రొజెక్టర్లు నింద అతని మీదే వేసి వెళ్లిపోతారు. సాహిత్య విద్యార్థులు ఈ ఘట్టాన్ని కేవలం హాస్యంగా చదివి వదిలేయరాదు.

మన దేశంలో ఈ మాట నీటిపారుదల ఇంజనీర్ల వెంట నడిచింది. అంతకుముందు దక్షిణాది మాటే ఇంగ్లీషులోకి వెళ్లింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం కట్టడాన్ని దొరలు కూడా ‘అనికట్’ అనే రాసుకున్నారు. అది తమిళంలోని అణైకట్టు, మన ఆనకట్ట. 1951లో పంచవర్ష ప్రణాళికలు మొదలయ్యాక ఇంజనీర్ల దస్త్రాల్లోని ‘ప్రాజెక్టు’ జనం నోటికెక్కింది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మెట్టపొలాలు మాగాణులయ్యాయి. ఈ మేలును కాదనేవాడు అభ్యుదయవాది కాడు.

అయితే ఆ మాట పక్కన జనం ఏ మాట చేర్చారో గమనించాలి. ‘మాకు ప్రాజెక్టు కింద మూడెకరాలుంది’ అంటాడు ఒక రైతు. ‘మా మూడెకరాలూ ప్రాజెక్టులో పోయింది’ అంటాడు మరొకడు. ‘కింద’ అన్నవాడు ఆయకట్టు రైతు. ‘లో’ అన్నవాడు ముంపు రైతు. ఒకే నామవాచకం, ఒకే నీరు. తేడా అంతా పక్కన చేరిన ఆ చిన్న మాటలో వుంది. అభివృద్ధి ఫలం ఎవరిది, దాని ఖరీదు చెల్లించింది ఎవరు అన్న ప్రశ్నకు జనం వ్యాకరణంలోనే జవాబు చెప్పారు.

నాగార్జునకొండలో తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలను నీటి నడుమ కొండ మీద మ్యూజియంలో భద్రపరిచారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆ పని మెచ్చదగినదే. కాని 1981లో అదే శ్రీశైలం ముంపు గ్రామాలను ఖాళీ చేయించినప్పుడు మనుషుల ఊళ్లకు ఆపాటి శ్రద్ధ దక్కలేదు. ఊరంటే ఇళ్ల లెక్క మాత్రమే కాదు. ఒక వాడుక, ఒక యాస, పొలాల పేర్లు, తరతరాల ఇచ్చిపుచ్చుకోవడాలు కలిస్తేనే ఊరు. వాటికి నష్టపరిహారం లెక్కగట్టే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. 1894 నాటి చట్టం పేరులో ‘భూసేకరణ’ మాత్రమే వుంది. ‘పునరావాసం’ అన్న మాట ఆ చట్టం పేరుకెక్కడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది.

2015లో ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. ‘ప్రాజెక్టు’ మాత్రం వెళ్లలేదు. బడిపిల్లవాడి అట్టబొమ్మా ప్రాజెక్టే, సాఫ్ట్‌వేర్ కుర్రవాడి ఉద్యోగమూ ప్రాజెక్టే. ఇంగ్లీషు అర్థం మళ్లీ మన ఇళ్లలోకి వస్తున్నది. ఈ కొత్త వాడుక చాటున పాత అర్థం మరుగున పడిపోయే ప్రమాదం వుంది. నిఘంటుకర్తలు ‘ప్రాజెక్టు’కు ఎదురుగా ‘పథకం’ అని రాసి ఊరుకుంటే చాలదు. ‘ప్రాజెక్టు కింద’, ‘ప్రాజెక్టులో’ అన్న రెండు ప్రయోగాలనూ ఉదాహరణలతో సహా ఎక్కించాలి. ఇక రచయితల విషయానికొస్తే, కింద వున్నవారి కథ చెప్పడానికి ప్రభుత్వ శిలాఫలకాలు చాలానే వున్నాయి. లోపల పోయినవారి కథ రాయవలసింది మనం.